గడప కింది జాయింటు

నా ఇరవై ఆరవ నోటుపుస్తకం నలభై ఒకటవ పుటలో ఇలా ఉన్నది: "సీపీయూ స్టోర్ రూముకు తరలింపు పూర్తి. తెర సరిగా ఉన్నది. కీబోర్డు, మౌసు పనిచేయుచున్నవి." దాని కింద సమయం, నా పొట్టి సంతకం. ఈ మూడు వాక్యాలలో ఒక్కటి కూడా అబద్ధం కాదు. అయినా ఉద్యోగ జీవితమంతటిలో నేను వ్రాసిన వాటిలో ఏవి లేకుండా ఉంటే బాగుండునని ఎవరైనా అడిగితే ఈ మూడింటినే చూపిస్తాను. చూపిస్తాను కాని కొట్టివేయను. నా పుస్తకాలలో కొట్టివేతలు ఉండవు.

నేను పాతబస్తీలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో ఎలక్ట్రీషియన్‌గా చేరాను. ఆసుపత్రికి కంప్యూటర్లు వచ్చినప్పుడు, తీగలు చూసేవాడే వీటినీ చూసుకుంటాడని పైవారు తీర్మానించారు. నన్ను అడగలేదు. ఒక పుస్తకం కొనుక్కుని, రాత్రిపూట చదువుకుని, పగలు విప్పి బిగించి నేర్చుకున్నాను. నోటుపుస్తకాల అలవాటు అంతకుముందు నుంచే ఉన్నది. చేరిన రెండవ ఏట ఒక నీళ్ళ మోటారు కాలిపోతే, అది కాలుతుందని నేను ముందే చెప్పానన్న సంగతి ఎవరికీ గుర్తు లేకపోయింది. మెమో నాకే వచ్చింది. ఆనాటి నుంచి ఏ రోజు ఏ తీగ ముట్టుకున్నానో, ఎవరు ఏమన్నారో, నేనేమన్నానో వ్రాసి పెట్టుకున్నాను. కాగితం ఉంటే మనిషికి అన్యాయం జరగదని నమ్మేవాణ్ణి. ఆ నమ్మకంలో పొరపాటు ఎక్కడుందో ఇప్పుడు ఈ పనిలో ఉన్న చిన్నవారికి చెప్పాలని కూర్చున్నాను. పేర్లు వ్రాయను. పేరు వ్రాయవలసిన ఒక్కరి పేరు వేరే చోట వ్రాశాను.

మా మార్చురీ ఆసుపత్రి వెనుక భాగంలో ఉండేది. ముందు గది ఆఫీసు. అక్కడి నుంచి ఒక వసారా లోపలికి పోతుంది. వసారాలో ఒకే గోడకు మొదట ఫ్రీజర్ గది తలుపు, దానిని దాటితే స్టోర్ రూము. ఆఫీసులో ఒక టేబులు, టేబులు కింద ఒక పాత సీపీయూ, టేబులు ముందు ఒక ఆపరేటరమ్మ. జహనుమా నుంచి రెండు ఆటోలు మారి వచ్చేది. కాంట్రాక్టు ఉద్యోగం. తెలుగు, ఉర్దూ కలిపి మాట్లాడేది. టైపు మాత్రం తప్పు లేకుండా చేసేది. మరొకరు మా అటెండరు. ముప్పై ఏళ్ళుగా ట్రాలీ నెట్టిన మనిషి. ఆదివారం చర్చికి పోయి వచ్చి, ఇస్త్రీ చొక్కాతోనే డ్యూటీ ఎక్కేవాడు. లోపల ఉన్నవారికి కూడా మర్యాద ఉంటుందనేవాడు.

అక్కడి పని తీరు కొంచెం చెప్పాలి. గుర్తు తెలియని శవం వచ్చినప్పుడు గేటు రిజిస్టరులో మూడే ఎక్కేవి: సంఖ్య, సమయం, తెచ్చిన పోలీసు స్టేషను. అది అటెండరు వ్రాసేవాడు. అంచనా వయసు, ఎత్తు, ఒంటిమీది బట్టలు, మచ్చలు, పాత గాయాలు వంటివన్నీ ఆపరేటరమ్మ కంప్యూటరులో నింపేది. తప్పిపోయిన మనిషిని వెతుక్కుంటూ ఎవరైనా వస్తే, వారు చెప్పిన ఆనవాళ్ళను అందులోనే వెతికేది. శవాన్ని ఖననానికి పంపడానికి గేటు సంఖ్య, పోలీసుల ఉత్తరం చాలు. శవాన్ని వెతకడానికి మాత్రం కంప్యూటరు కావాలి. ఈ తేడాను మీరు మనసులో ఉంచుకోండి. అప్పట్లో మేమెవరమూ ఉంచుకోలేదు.

ఫారం నింపి సేవ్ మీట నొక్కగానే ఆమె కాళ్ళ దగ్గర సీపీయూ లోపలి డిస్కు గరగరమని తిరిగేది. మూడు నాలుగు క్షణాలు. ఆమె తల కొద్దిగా పక్కకు వంచి వినేది. చప్పుడు ఆగిన తరువాతే, పక్కన పెట్టుకున్న తెల్లకాగితం మీద ఆ సంఖ్యకు టిక్కు పెట్టేది. ఈ పద్ధతి ఆమెకు ఎవరూ నేర్పలేదు.

అటెండరు ఆటపట్టించేవాడు. "సూడన్నా, ఈ మేడం డబ్బాతోని మాట్లాడుతది. మనతోని మాట్లాడదు."

"డబ్బా ఝూట్ చెప్పదు," అనేది ఆమె తల ఎత్తకుండా. "మీరు చెప్తరు. మొన్న చాయ్ తెస్తనని పోయి యాడికి పోయిన్రు?"

ఆ ఏడు మా విభాగానికి కొత్త అధికారి వచ్చారు. వారి గదికీ ఆఫీసుకూ మధ్య చెక్క పార్టిషనే అడ్డు. వారు రిపోర్టులు నోటితో చెబుతుంటే ఒకరు వ్రాసుకునేవారు. మూడవ రోజున నన్ను పిలిపించారు.

"ఏమిటండీ ఈ గరగర? పక్కన పిండిమర పెట్టుకున్నట్టుంది. ఈ చప్పుడులో నేను రిపోర్టు చెప్పేదెలా?"

"డిస్కు పాతది సార్. కొత్తది ఇప్పిస్తే చప్పుడుండదు."

"కొత్తది వచ్చేసరికి నాకు ట్రాన్స్‌ఫర్ వస్తుంది. దీన్ని తీసి స్టోర్ రూంలో పెట్టండి. తెర, కీబోర్డు ఇక్కడుంటే చాలు కదా. తీగలు పొడుగువి వేస్తే అయిపోతుంది."

వారి మాట తప్పని నేను ఇప్పటికీ అనను. సీపీయూను దూరంగా పెట్టి, పొడవైన తీగలతో టేబులు దగ్గర పని చేయించుకోవడం ఎన్నోచోట్ల జరుగుతుంది. కాని ఏ తీగకు ఎంత దూరం పూచీ ఉందో చూసుకోవాలి. నేను టేపు పెట్టి కొలిచాను. టేబులు నుంచి స్టోర్ రూములోని అల్మరా దాకా పద్నాలుగు మీటర్లు. తెర తీగ అంత దూరం మోస్తుంది. కీబోర్డు, మౌసుల తీగకు అయిదు మీటర్ల దాకానే పూచీ. ఆపైన మధ్యలో బలం ఇచ్చే పరికరం ఉన్న తీగ కావాలి. ఆ సంగతి వ్రాసి, అటువంటి తీగ తెప్పించే దాకా తరలింపు వద్దని అభ్యంతరం పెట్టాను. నా కాగితం మీద "చూశాను" అన్న ఒక్క మాట, ఒక సంతకం పడి తిరిగి వచ్చింది.

వారం గడిచింది. ఆఫీసులో అందరూ ఉండగా వారు నవ్వుతూ అన్నారు: "మీరు పని చేసేదానికంటే వ్రాసేదే ఎక్కువని విన్నాను. నిజమేనన్నమాట."

ఆపరేటరమ్మ తెర వైపు తిరిగిపోయింది. అటెండరు చేతిలోని తాళంచెవులను చూసుకున్నాడు. మర్నాడు పొద్దున్నే నేను పని మొదలుపెట్టాను. అయిదు రోజులలో రావచ్చునని కోఠి దుకాణంలో చెప్పిన సరైన తీగ కోసం ఆగలేదు. స్టోరులో పడి ఉన్న మామూలు తీగలు రెండు తెచ్చాను. ఒకటి పది మీటర్లు, ఒకటి అయిదు. రెండింటినీ కలిపాను. ఆ కలిపిన చోటు, అంటే జాయింటు, సరిగ్గా ఫ్రీజర్ గది గడప దగ్గర పడింది. తీగను తలుపు మీదుగా తిప్పి తీసుకుపోవాలంటే ఇంకా నాలుగు మీటర్లు కావాలి. నా దగ్గర లేదు. అందుకని గడప మీద పరిచి, పైన ఇనుప పట్టీ కొట్టాను. టేబులు దగ్గర కూర్చుని ఒక పేజీ నిండా టైపు చేశాను. ఒక్క అక్షరం పోలేదు. మొదట చెప్పిన మూడు వాక్యాలు అప్పుడు వ్రాసినవే.

ఆ పేజీ టైపు చేసినంతసేపూ వసారాలో ట్రాలీ నడవలేదు. పరీక్ష చేసేవాడు, ఆ చోట రోజూ ఏమి నడుస్తుందో అది నడుస్తుండగా పరీక్ష చేయాలి. ఇది ఏ పుస్తకంలోనూ లేదు. అందుకని ఇక్కడ వ్రాస్తున్నాను.

పది రోజులలో ఆపరేటరమ్మ నాలుగుసార్లు కబురు చేసింది. కీబోర్డు ఉన్నట్టుండి పలకడం లేదు. కొంచెంసేపటికి దానంతట అదే వస్తున్నది. నేను వెళ్ళేసరికి ప్రతిసారీ బాగానే ఉండేది. రోగం కనబడని చోట మందు వ్రాసే వైద్యుడిలాగా నేనొక చీటీ వ్రాసి తెర అంచుకు అంటించాను. దాని నకలు నలభై తొమ్మిదవ పుటలో ఉన్నది: "కీబోర్డు పలకనిచో పది లెక్కపెట్టవలెను. పిమ్మట ఎస్కేప్ మీట ఒకసారి నొక్కవలెను. ఖాళీ ఫారం వచ్చినచో పని కొనసాగించవచ్చును."

ఆమె చీటీ రెండుసార్లు చదివింది. "సార్, ఒక మాట. సేవ్ కొడుతనే కీబోర్డు ఆగిందనుకో. ఎక్కిందో లేదో ఎట్ల తెల్వాలె? పైలే గరగర ఆవాజ్ వస్తుండె. ఇప్పుడు డబ్బా ఆడుంది, నేను ఈడున్న."

"ఫారం ఖాళీ అయితే ఎక్కినట్టేనమ్మా," అన్నాను.

"పక్కా?"

"పక్కా. ఫికర్ పెట్టుకోకు."

నేను అన్న ఆ మాట తప్పు. సేవ్ అయినా ఫారం ఖాళీ అవుతుంది. ఎస్కేప్ నొక్కితే, నింపినదంతా పోయి కూడా ఖాళీ అవుతుంది. రెండు ఖాళీలూ తెర మీద ఒకలాగే ఉంటాయి. ఆ రెంటికీ తేడా చెప్పగలిగినది ఆ గరగర ఒక్కటే. దానిని నేనే మోసుకుపోయి, పద్నాలుగు మీటర్ల అవతల, అల్మరాలో పెట్టి తలుపు వేసి వచ్చాను.

ఇక ఆ రోజు సంగతి. తెర మీద అక్షరాలు వణుకుతున్నాయంటే తీగ బిగించడానికి వెళ్ళాను. టేబులు ముందు ఒక స్త్రీ నిలబడి ఉంది. నలభై అయిదేళ్ళు ఉంటాయి. చీర అంచుకు పసుపు, ఎరుపు రంగు మరకలు. ధూల్‌పేట్‌లో వినాయకుల బొమ్మలు చేసే ఇంటి మనిషినని చెప్పుకుంది.

"నిన్న గూడ వచ్చిన మేడం. మా బాపు. మతి సరిగ లేదు, తొవ్వ మర్శిపోతడు. ఇంట్లకెళ్ళి పోయి నాలుగు దినాలాయె."

"మళ్ళ చెప్పు అక్కా," అంది ఆపరేటరమ్మ. "ఒకటొకటి చెప్పు, నేను వెతుకుత."

"డెబ్బై దాటినయ్. బక్కగుంటడు. తెల్ల బనీను, నీలి గళ్ళ లుంగి. కుడిచెయ్యి బొటనేలు గోరు సగమే ఉంటది. గోర్లల్ల మట్టి ఉంటది మేడం, ఎంత గోకినా పోదు."

ఆమె వయసుతో వెతికింది. లుంగీతో వెతికింది. గోరుతో వెతికింది. ప్రతిసారీ తెరను ఆ స్త్రీ వైపు తిప్పి చూపించింది. "నై అక్కా. లేదు. ఉంటె నేనెందుకు దాస్త?"

"జర లోపల చూడనియ్యుండ్రి. దూరంకెళ్ళే చూస్త. మొకం ఒక్కటి చూసి వచ్చేస్త."

పూర్వం మా అటెండరు అటువంటివారిని వెంటబెట్టుకుని తీసుకుపోయి చూపించేవాడు. కొత్త అధికారి వచ్చాక అది ఆగింది. కంప్యూటరులో ఆనవాలు కలిస్తేనే తలుపు తీయాలని ఉత్తర్వు. తలుపు దగ్గర నిలబడిన అటెండరు నావైపు చూశాడు. పార్టిషను అవతల నుంచి గొంతు వినిపించింది: "కంప్యూటరులో లేదంటే పంపించేయండి. ఇదేమైనా ఎగ్జిబిషనా?"

ఆమె నా తెల్లజుట్టు చూసి కాబోలు నావైపు తిరిగింది. "పెద్దసారూ, మీరన్న చెప్పుండ్రి."

నేను చెప్పాను. ఉన్నదున్నట్టు వ్రాస్తున్నాను. "అమ్మా, ఇక్కడికి వచ్చిన ప్రతి మనిషీ ఇందులో ఎక్కుతాడు. ఇందులో లేడంటే ఇక్కడ లేడు. లేకపోవడమే మంచిది కదా. ఎక్కడో బతికే ఉంటాడు."

ఆమె రెండు చేతులూ జోడించింది. "మీ నోటి మాట నిజం కావాలె సార్," అని, వెనక్కి నడుస్తూనే మళ్ళీ ఒకసారి దండం పెట్టి వెళ్ళిపోయింది. పోయేముందు ఆపరేటరమ్మ ఆమె ఫోను నంబరు అడిగి తెల్లకాగితం మీద వ్రాసుకుంది. అది నియమం కాదు. ఎవరూ చెప్పలేదు. ఆ రోజు నా పుటలో "తెర తీగ బిగించితిని" అని మాత్రమే ఉన్నది.

ఆ టేబులు నుంచి ఫ్రీజర్ గది తలుపు పన్నెండు అడుగులు వేస్తే వస్తుంది. ఆమె తండ్రి అప్పటికి మూడు రోజులుగా ఆ తలుపు వెనుక ఉన్నాడు. దబీర్‌పురా స్టేషను దగ్గర పట్టాల పక్కన కూలబడి చనిపోతే రైల్వే పోలీసులు తెచ్చారు. ఆమె ఫిర్యాదు ఇచ్చింది తమ పేట స్టేషనులో. ఆ రెండు చోట్ల మధ్య కాగితం ఎందుకు కదలలేదో నా పుస్తకంలో లేదు. కనుక నేను వ్రాయను. ఆమె వచ్చి వెళ్ళిన మర్నాడు, గడువు ముగిసిన గుర్తు తెలియని శవాలతో పాటు అతనిని కూడా ఖననానికి పంపారు. గేటు సంఖ్య, పోలీసుల ఉత్తరం సరిపోయాయి.

పన్నెండు రోజుల తరువాత అటెండరు నా వర్క్‌షాపుకు వచ్చాడు. నెలాఖరున గేటు రిజిస్టరును కంప్యూటరు జాబితాతో సరిచూసేవాడు అతడే. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అన్నా, ఒక మనిషి తక్కువైండు."

"ఎక్కడ?"

"గేటు బుక్కుల ఉన్నడు. కంప్యూటర్ల లేడు. తెచ్చిన దినం నేను డ్యూటీల లేను, ఇంకొకడు రాసిండు. రైల్వేవోళ్ళు తెచ్చిన్రట. ఆ ధూల్‌పేట్ ఆమె వచ్చిననాడు లోపల ముగ్గురు ముసలోళ్ళున్నరు అన్నా. మేడం తెర మీద ఎందరో నేను సూడలేదు. నువ్వు సూసినవా?"

నేను చూశాను. ఇద్దరే.

ఆ మధ్యాహ్నం అధికారి మీటింగుకు వెళ్ళిన తరువాత మేము ముగ్గురం తలుపు మూసుకుని పరీక్ష చేశాం. ఆపరేటరమ్మ టైపు చేస్తుంటే అటెండరు ఖాళీ ట్రాలీని గడప దాటించాడు. చక్రం ఇనుప పట్టీ ఎక్కి దిగింది. కీబోర్డు చచ్చిపోయింది. కొన్ని క్షణాలకు తిరిగి వచ్చింది. మళ్ళీ దాటించాడు. ఈసారి ఏమీ కాలేదు. మూడవసారి మళ్ళీ చచ్చిపోయింది. శవం లోపలికి పోయే సమయమూ, ఆ శవం వివరాలు టైపు చేసే సమయమూ ఒకటే. ఎవరి కోసమైతే ఆమె వ్రాస్తున్నదో, ఆ మనిషిని మోసే చక్రమే ఆమె చేతిని ఆపుతున్నదన్నమాట.

నేను స్టోర్ రూములోకి పోయి, అల్మరా తెరిచి, సీపీయూకు చెవి ఆనించాను. "సేవ్ కొట్టమ్మా!" అని కేక వేశాను. గరగరమన్నది. "ఇంకొకటి నింపి ఎస్కేప్ కొట్టు!" ఏమీ లేదు. ఫ్యాను హోరు ఒక్కటే.

"ఖాళీ అయింది సార్!" అని ఆమె అక్కడి నుంచి అరిచింది. "ఎక్కిందా?"

నేను అల్మరా ముందు కూర్చుండిపోయాను. అటెండరు వచ్చి, నా ముఖం చూసి, వెళ్ళి ఆమెకు చెప్పాడు. నేను తిరిగి వచ్చేసరికి ఆమె ఆ చీటీని తెర అంచు నుంచి ఊడబెరుకుతున్నది. చింపలేదు. నా చేతిలో పెట్టింది.

ఆపరేటరమ్మ వ్రాసుకున్న నంబరుకు ఫోను చేశాం. ఆ ధూల్‌పేట్ బిడ్డ వచ్చి రైల్వే పోలీసుల దగ్గర ఫోటో చూసింది. నేనూ అటెండరూ పక్కన ఉన్నాం. ముఖం కంటే ముందు చేయి చూసింది. సగం గోరు మీద వేలు పెట్టి చాలాసేపు ఉంచింది.

"నేను వచ్చిననాడు ఆ తలుపెనకనే ఉన్నడా?"

"ఉన్నడు బిడ్డా," అన్నాడు అటెండరు.

నావైపు తిరిగింది. "మీరు లేడన్నరు." అంతే. ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. తిట్టి ఉంటే వ్రాసుకోవడానికి ఏమైనా ఉండేది.

ఆమె కోరినది ఒక్కటే. "మా ఇంట్ల నిప్పు పెడతరు సార్, మట్టిల పెట్టరు. కొడుకుల్లేరు, నేనే పెట్టాలె. ఆయన్ని తీసి నాకియ్యుండ్రి." దరఖాస్తు పెట్టింది. కొద్ది రోజులకు అది వెనక్కి వచ్చింది. ఆ వ్యక్తి మార్చురీలోకి వచ్చినట్టు కంప్యూటరు నమోదు లేదు. నమోదు ఎందుకు లేదో తేలలేదు. కనుక ఆ గేటు సంఖ్య ఇతనిదేనని నిర్ధారించలేము అని దాని సారాంశం.

ఈలోగా విచారణ జరిగింది. ఇది ఆపరేటరు నిర్లక్ష్యమని మా అధికారి వ్రాసి ఇచ్చారు. ఆమె నమోదు చేయనే లేదన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇరవై ఆరవ పుస్తకాన్ని చంకలో పెట్టుకుని పోయాను. నా అభ్యంతరం ఉన్న పుటకూ, "చూశాను" అని అది తిరిగివచ్చిన సంగతి ఉన్న పుటకూ, ఆమె నాలుగుసార్లు ఫిర్యాదు చేసిన పుటలకూ పచ్చ కాగితాలు అంటించాను. నలభై తొమ్మిదవ పుటకు అంటించలేదు. చీటీ నా జేబులోనే ఉన్నది. అప్పటికి నా పదవీ విరమణకు అయిదు నెలలున్నాయి.

విచారణాధికారి పచ్చకాగితాలున్న పుటలు మాత్రమే చదివారు. "కీబోర్డు ఆగినప్పుడు ఏం చేయాలో ఈమెకు ఎవరైనా చెప్పారా?" అని అడిగారు. ఆపరేటరమ్మ నావైపు చూసింది. ఆమె నా పేరు చెప్పవచ్చు. చెప్పలేదు. నేను చెబుతానని చూసింది. నేను నా పుస్తకం అట్ట మీది చెమట తుడిచాను.

ఆమెను తొలగించడానికి ఉత్తర్వు కూడా అక్కరలేకపోయింది. సోమవారం నుంచి రావద్దన్నారు. అధికారికి వేరే చోటికి ట్రాన్స్‌ఫర్ అయింది. అది శిక్షో, వారు ముందే అడుక్కున్నదో నాకు తెలియదు.

అటెండరు నాతో మాటలు తగ్గించాడు. ఒకరోజు ట్రాలీ చక్రానికి నూనె కావాలని వచ్చి, నూనె డబ్బా తీసుకుని, గుమ్మం దగ్గర ఆగాడు.

"అన్నా, ఆ ధూల్‌పేట్ బిడ్డ రోజు గేటు కాడ నిలవడుతుంది. కంప్యూటర్ల ఎందుకు ఎక్కలేదో ఎవలన్న రాసిస్తె ఆమె పని అయితదట." నూనె డబ్బాను రెండు చేతుల మధ్య తిప్పాడు. "అన్నీ రాసుకుంటవు కదా నువ్వు. అది రాసుకోలేదా?"

మర్నాడు నలభై తొమ్మిదవ పుట నకలు, ఆ చీటీ, ట్రాలీ పరీక్ష వివరం, నా తప్పు ఏమిటో చెబుతూ ఒక వాంగ్మూలం ఇచ్చాను. విచారణ రోజు నుంచి ఆ రోజుకు ఇరవై మూడు రోజులు. నాకు మెమో వచ్చింది. చేతులు చాచి తీసుకున్నాను. ఆపరేటరమ్మ స్థానంలో అప్పటికే వేరొకరు వచ్చేశారు. జహనుమాలో ఆమె జిరాక్సు దుకాణంలో పని చేస్తున్నదని తెలిసి వెళ్ళాను. మిషను ఆపకుండానే నా మాట విన్నది. "సార్, మీరు ఆ దినం ఒక్క మాట చెప్పుంటే అయిపోతుండె," అన్నది. మరొకరి కాగితాలు అందుకున్నది.

తండ్రిని తవ్వి తీసుకోవడానికి ఆ బిడ్డకు అనుమతి వచ్చింది. నా కాగితం ఆధారంగానే వచ్చిందని ఉత్తర్వులో ఉన్నది. ఆమె, అటెండరు, నేను, ఇద్దరు పోలీసులు శ్మశానానికి పోయాం. గుర్తు తెలియనివారిని పూడ్చే వరుస ఒక వాలులో ఉన్నది. ఒక్కొక్క దిబ్బకు ఒక రేకు పలక, దానిమీద సంఖ్య. మేము పోయేసరికి కొన్ని పలకలు వంగి ఉన్నాయి, కొన్ని ఒకేచోట గుంపుగా పాతి ఉన్నాయి.

కాపరి తలగోక్కున్నాడు. "వాన పడ్డది సార్. మన్ను జారింది, రేకులు కొట్టుకొచ్చినయ్. నేనే ఏరి మళ్ళ నిలవెట్టిన. మీ నంబరు గీ మూడిట్ల ఒకటైతది."

"వాన ఎప్పుడు పడింది?" అని అడిగాను.

"పెద్దవానా? పద్దెనిమిది దినాలాయె సార్. మా మన్మరాలి తొట్టెల దినం. మర్శిపోత ఎట్ల?"

నేను పక్కకు పోయి పుస్తకం తీసి లెక్కవేశాను. ఆఫీసులు తీసుకున్న రోజులన్నీ అట్లాగే ఉంచి, నా ఇరవై మూడు రోజులు మాత్రం తీసివేశాను. ఆ లెక్క ప్రకారం మేము అక్కడికి చేరేది వానకు అయిదు రోజుల ముందు. రెండుసార్లు వేశాను. రెండుసార్లూ అంతే వచ్చింది.

మూడు గుంతలు తవ్వే అనుమతి ఎవరి దగ్గరా లేదు. పరీక్షలకు పంపాలంటే మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవాలని పోలీసు చెప్పాడు. ఆమె మూడు దిబ్బలనూ ఒకటొకటిగా చూసింది.

"వద్దు," అన్నది. "ఇంకొకరి బాపును కదిలియ్యద్దు."

వంగి మూడింటి నుంచీ చిటికెడు చిటికెడు మన్ను తీసి కొంగున కట్టుకుంది. లేచి నా దగ్గరికి వచ్చింది. నా చేతిలోని పుస్తకాన్ని చూస్తూ నిలబడింది.

"మీరు అన్నీ దీంట్ల రాసుకుంటరట కదా సార్."

"వ్రాసుకుంటానమ్మా."

"మా బాపు పేరు యాడ ఎక్కలేదు. గేటుకాడ నంబరే, పోలీసోళ్ళకాడ నంబరే, గీడ గూడ నంబరే. మీ దాంట్ల రాయుండ్రి."

కొత్త పుట తిప్పాను. ఆమె చెప్పింది. పేరు, తండ్రి పేరు, పేట, చేసే పని. కుడిచేయి బొటనవేలి గోరు సగమే ఉండునని కూడా చెప్పి వ్రాయించింది. చివర తేదీ వేసి, సంతకం చేసి, కలం మూత పెట్టాను.

ఆమె పుస్తకంలోకి తొంగిచూసింది. చదవడం రాదు. పుట మీద, ఇంకా ఆరని సిరా పక్కన, వేలు పెట్టింది.

"ఎక్కిందా సార్?"

ఎక్కిందని అనలేదు. పుస్తకం వెలుతురుకు తిప్పి, మొదటి అక్షరం నుంచి ఆమెకు చదివి వినిపించాను.